దొంగ ప్రింటులో నవ్వు

చిప్పులాయన చదువు ఏడో తరగతితో ఆగింది. ఏడు తరగతులకీ ఒకే గది, ఒకే పంతులు, ఒకే బెత్తం ఉన్న పల్లెటూరి బడి అది. ఇరవయ్యో ఎక్కం దాకా అందరూ చెప్పేవారు. ఈయన దాన్ని తలకిందులుగా కూడా చెప్పేవాడు. ఆ బెత్తం పుణ్యమో, పుట్టుకతో వచ్చిన బుర్రో గాని, పెద్దయ్యాక వెయ్యిన్నీ ఇరవై నాలుగో ఎక్కం కూడా నోటికి పట్టేశాడు. రెళ్లు రెండువేల నలభై ఎనిమిది, మూళ్లు మూడువేల డెబ్బై రెండు. ఒక జీబీకి ఎన్ని ఎంబీలు, అందులో ఎన్ని సినిమాలు పడతాయి, ఎన్ని పాటలు పడతాయి, మిగిలిన సందులో ఎన్ని రింగ్‌టోన్లు ఇరికించవచ్చు అన్న లెక్కకి ఆయన కాగితం ముట్టుకుంటే ఒట్టు. డిగ్రీలు చదివినవాళ్లు ఫోన్ తీసి మీటలు నొక్కుతుంటే, ఈయన జవాబు చెప్పేసి తరవాతి మనిషి చిప్పు అందుకునేవాడు.

చిప్పు అంటే ఫోన్లో వేసుకునే మెమరీ కార్డు. చిటికెనవేలి గోరంత ఉంటుంది. అవి నింపిపెట్టే మనిషి కనుక చిప్పులాయన అయ్యాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

బస్టాండు ఎదురుగా, తాళాల రిపేరు కొట్టుకీ టైలరు కొట్టుకీ మధ్య ఆయన కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టి నిలబడాలి. లోపల ఒక కంప్యూటరు, దాని మూత ఎప్పుడో ఊడిపోతే లోపలి ఫ్యాను బయటికే తిరుగుతూ ఉండేది. దాని పక్కన నాలుగు చిప్పులు ఒకేసారి మింగే కార్డ్ రీడరు. అంతే సామ్రాజ్యం. అక్కణ్ణించి ఆయన ఊరి చెవుల్నీ కళ్లనీ పదేళ్లు ఏలాడు.

ఆ రోజుల్లో నెట్టు నత్తకి నడక నేర్పేది. ఒక పేజీ నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వస్తే అప్పుడు సగం తెరుచుకునేది. తెల్లటి పేజీ మీద నీలం అక్షరాలు, ఏ నుంచి జెడ్ దాకా వరస. ఆ సైట్లకి హంగు లేదు, ఆర్భాటం లేదు, ఆయుష్షు అంతకన్నా లేదు. ఇవాళ ఉన్న సైటు రేపు చచ్చిపోయేది. ఎల్లుండి పేరు చివర ఒక అక్షరం తగిలించుకుని మళ్లీ లేచేది. దాని కొత్త పేరేమిటో ఊళ్లో అందరికన్నా ముందు చిప్పులాయనకి తెలిసేది. ఇంగ్లీషులో ఆయనకి వచ్చినవన్నీ ఆ పేజీల మీద నేర్చుకున్నవే. 'నెక్స్ట్', 'బ్యాక్', 'ఫెయిల్డ్'. ఈ మూడింటితో జీవితం మొత్తం నడిపెయ్యొచ్చని ఆయన అభిప్రాయం.

సినిమా ముక్కలు ముక్కలుగా వచ్చేది. పార్ట్ వన్, పార్ట్ టూ అంటూ తొమ్మిది ముక్కలు. హాల్లో ఎవడో ఒళ్లో కెమెరా దాచుకుని తీసిన బొమ్మని అంగుళాల్లోకి కుదించి పెట్టేవారు. హీరో మీసం కనపడితే అది మంచి ప్రింటు. కళ్లు కూడా కనపడితే మహా ప్రింటు.

ఆయన చేసిన ఘనకార్యాలు ఒకటా రెండా! తొంభై ఎనిమిది శాతం దగ్గర ఆగిపోయిన సినిమాని మూడు రోజులు కాపలా కాసి నూరు చేశాడు. నీళ్లలో పడ్డ చిప్పుని ఎండబెట్టి బతికించాడు. దగ్గులు విని ప్రింటు ఏ కాలంలో తీశారో చెప్పేవాడు. ఇక పాట పేరు తెలియనివాళ్లు ఆయనకి దేవుడిచ్చిన పరీక్ష.

"ఆ పాట కావాలయ్యా, అమ్మాయి అలిగి కూర్చుంటుందే, అది" అని ఒక ముసలావిడ వచ్చింది.

"అలిగి మంచం మీద కూర్చుంటుందా, మెట్ల మీదా పిన్నిగారూ?"

"మెట్ల మీద."

"ఆకుపచ్చ చీరా?"

"నా కొడుకు ఫోన్లో అన్నీ బూడిద రంగేనయ్యా!"

"అయితే వాడికి ఎక్కించింది నేనే" అని, మూడు నొక్కుల్లో పాట తీసి వినిపించాడు. ఆవిడ అక్కడే పాటకి చేత్తో తాళం వేసింది.

అలాంటి మనిషిని ఒక్క సినిమా తిప్పలు పెట్టింది. అది దొంగ డాక్టరు సినిమా. వైద్యం తెలియని ఒక కుర్రాడు తెల్లకోటు వేసుకుని పెద్దాసుపత్రిలో దూరి చేసే గందరగోళం. విడుదలైన నాలుగో రోజునే తీసినవాళ్లలో వాళ్లకి తగాదా వచ్చి, కోర్టుకెక్కి, హాళ్లన్నింటిలోంచీ దింపేశారు. ఊళ్లో దాన్ని హాల్లో చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కే. టీవీలో రాలేదు, డిస్కు రాలేదు. లోకంలో మిగిలింది ఒకే ఒక్క దొంగ ప్రింటు. అది చిప్పులాయన దగ్గరుంది. మహా ప్రింటు! హీరో కళ్లే కాదు, కనురెప్పలు కూడా కనపడేవి. పదో నిమిషంలో ఒకడి తలకాయ అడ్డంగా లేచి వెళ్లడం తప్పిస్తే వంక పెట్టడానికి లేదు.

కాని పార్ట్ ఫైవ్ లేదు. ఆ లింకు నొక్కితే మళ్లీ పార్ట్ ఫోరే వచ్చేది. ఎన్ని సైట్లు వెతికినా అంతే. పార్ట్ ఫోర్ చివర దొంగ డాక్టరు స్టెతస్కోపు తన గుండెకే పెట్టుకుని "ఈ పేషెంటు పోయాడు" అంటాడు. పార్ట్ సిక్స్ మొదట్లో అతని తలకి ఇంత కట్టు ఉంటుంది, ఆసుపత్రి పెద్ద డాక్టరు అతన్ని "అల్లుడూ" అని పిలుస్తూ ఉంటాడు. మధ్యలో ఏం జరిగింది? జనం కొట్టు మీద పడ్డారు. చిప్పులాయన తెలియదు అనే రకమా? ఒక్క క్షణం ఆలోచించి, పార్ట్ ఫైవ్ నోటితో చెప్పాడు. పెద్ద డాక్టరు కూతురు రోడ్డు దాటుతోంది, లారీ వచ్చింది, హీరో దూకాడు, పిల్లని కాపాడాడు, తల పగిలింది, తండ్రి కళ్లు చెమర్చాయి. చెప్పిన ప్రతిసారీ లారీ ఇంకొంచెం పెద్దదయ్యేది. చివరికి దానికి బ్రేకులు కూడా పోయాయి. ఊరంతా నాలుగు ముక్కలు ఫోన్లో చూసి, ఐదోది ఆయన నోట విని, ఆరోది మళ్లీ ఫోన్లో చూసేది. చూసినవాళ్లలో సగం మంది ఆ లారీని కళ్లారా చూశామని ప్రమాణం చేసేవారు.

ఆ ప్రింటులో ఇంకొకటి ఉంది. పార్ట్ ఫోర్ చివర, స్టెతస్కోపు మాట దగ్గర, హాల్లో ఒక ఆడమనిషి నవ్వు. ముందు 'కి, కి, కి' అని కుక్కరు విజిలెయ్యబోయే ముందు గింజుకున్నట్టు మూడు చిన్న చప్పుళ్లు, తరవాత ఊపిరి లోపలికి లాగిన 'హుక్కు', ఆపైన బిందెలో గవ్వలు పోసి ఊపినట్టు ఒక్కసారిగా పగిలే నవ్వు. సగంలోనే పార్టు అయిపోయేది. కాపీ సరిగ్గా పడిందో లేదో చూడటానికి చిప్పులాయన ప్రతి ముక్క చివరి పది సెకన్లు వినేవాడు. అంటే ఆ నవ్వుని రోజుకి పాతిక ముప్ఫైసార్లు విన్నాడన్నమాట. ముప్ఫై దాటినా పెళ్లి ఊసెత్తని మనిషి, ఆ నవ్వు మిగతా సగం ఎలా ఉంటుందో అని అన్నం ముందు కూర్చుని ఆలోచించేవాడు.

ఒక మధ్యాహ్నం కొట్టులో స్టూలు కాలు విరిగి ఆయన వెల్లకిలా పడ్డాడు. మీద కార్డ్ రీడరు, దాని మీద టీ గ్లాసు. వాకిట్లో నిలబడ్డ అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. 'కి, కి, కి... హుక్కు...'

పడ్డవాడు పడ్డట్టే ఉండి అడిగాడు, "ఏమండీ, దొంగ డాక్టరు సినిమా మీరు హాల్లో చూశారా?"

ఆ అమ్మాయి మొహంలో నవ్వు టక్కున ఆరిపోయింది. "లేదండీ. ఆ రోజు నేను కుట్టు క్లాసులో ఉన్నాను."

ఏ రోజో ఆయన చెప్పనే లేదు!

పక్క టైలరు మేడ మీదే కుట్టు క్లాసు. రోజూ ఆ మెట్లు ఎక్కుతూ ఆమె, దిగేదాకా చూస్తూ ఈయన. ఆరు నెలలకి పెళ్లయింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ అమ్మాయికి తల్లీతండ్రీ తానే అయి పెంచింది ఆమె అన్నగారు. ఆయనేమో ఊళ్లో ఉన్న ఒక్క సినిమా హాల్లో ఆపరేటరు.

ఆపరేటరు అంటే మెషీను తిప్పే మనిషి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ హాలుకి ఆయనే కన్ను, ఆయనే ముక్కు. రీలు ఎక్కించి, టార్చి పట్టుకుని హాల్లోకి దిగేవాడు. తన ఏలుబడిలో నాలుగు కెమెరాలు పట్టుకున్నాడు. చేతికి కట్టు కట్టుకుని వచ్చినవాడి కట్టు విప్పించాడు. చెయ్యి బాగానే ఉంది, దాని పక్కన కెమెరా ఉంది. "నా హాల్లోంచి బొమ్మ బయటికి పోవాలంటే నా కళ్లలోంచి పోవాలి" అనేవాడు. ఆయన ఘనకార్యాలు కూడా తక్కువేం కాదు.

అలాంటి మనిషిని పెళ్లయిన మర్నాడు విస్తరి ముందు కూర్చోబెట్టి, చిప్పులాయన ఉబ్బితబ్బిబ్బయి తన జీవితంలోకెల్లా గొప్ప ఘనకార్యం చెప్పుకున్నాడు.

"బావా, మీ చెల్లెల్ని నేను నవ్వు విని పట్టుకున్నా. మీ హాల్లో తీసిన దొంగ ప్రింటులో ఉంది ఆ నవ్వు!"

ఆపరేటరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నా హాల్లోనా?"

"మీ హాల్లోనే. లేకపోతే మీ చెల్లెలు ఇంకే హాలుకి వెళ్తుంది?"

"నా చెల్లెలు అసలు హాలుకే వెళ్లదు. నీ కొట్టు ముందు క్యూ, నా హాల్లో గబ్బిలాలు. అది చాలక ఇప్పుడు దొంగతనం కూడా నా నెత్తినే రుద్దుతావా? చెల్లెమ్మా, నువ్వు చెప్పు. ఆ నవ్వు నీదా?"

ఆమె ఇద్దరి వంకా చూసింది. తనదే అంటే అన్న హాలు దొంగ హాలు. కాదంటే మొగుడు అబద్ధాలకోరు.

"నేను ఆ రోజు కుట్టు క్లాసులో ఉన్నాను అన్నయ్యా" అంది.

"విన్నావుగా? ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీ గడప తొక్కను" అని ఆపరేటరు చెయ్యి కడిగేసుకున్నాడు.

ఒకరు మాట మీద నిలబడే మనిషి, ఇంకొకరు మాట వెనక్కి తీసుకోని మనిషి. పంతొమ్మిదేళ్లు గడిచాయి. ఆపరేటరు వారం వారం వస్తాడు. గేటు బయటే నిలబడతాడు. చెల్లెలు గేటు మీంచి టీ అందిస్తుంది. మేనకోడలు పుట్టింది, పెరిగింది, కాలేజీలో చేరింది. అన్నీ ఆ గేటు బయటి నించే చూశాడు. బావలిద్దరికీ మధ్య నాలుగడుగులే దూరమైనా మాటలన్నీ ఆ పిల్ల మీదుగానే నడిచేవి.

"మీ నాన్నతో చెప్పమ్మా, గేటు కిర్రుమంటోంది, కాస్త నూనె వెయ్యమని."

"మీ మావయ్యతో చెప్పు, లోపలికొచ్చేవాళ్లకి అది కిర్రుమనదని."

"నాకు జీతమిస్తారా మీరిద్దరూ?" అనేది పిల్ల.

చిప్పుల కాలం చిప్పులతోనే పోయింది. ఇప్పుడు కొట్టులో ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. హాల్లో రీళ్లు పోయి కంప్యూటరు వచ్చింది. ఒక మీట నొక్కితే బొమ్మ దానంతటదే ఆడుతుంది. ఇద్దరు మహావీరులూ చేతుల్లో ఆయుధాలు లేకుండా మిగిలారు.

అలాంటి రోజుల్లో కోర్టు తగాదా తీరిపోయి, దొంగ డాక్టరు మళ్లీ విడుదలవుతున్నాడని తెలిసింది. ఆపరేటరు గేటు దగ్గరికొచ్చి మూడు టిక్కెట్లు మేనకోడలి చేతిలో పెట్టాడు.

"ఆదివారం మ్యాట్నీ. మీ నాన్నని తీసుకురా. నా హాలు ఎలా ఉంటుందో, నా కాపలా ఎలా ఉంటుందో కళ్లారా చూసుకోమను. చూశాక కూడా అదే మాట అంటే, ఇక ఈ గేటు దగ్గరికి కూడా రాను."

గొంతు ఎప్పటిలా ఎగతాళిగా లేదు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చిప్పులాయన భార్య బట్టలు మడతపెడుతూ, ఒకే చొక్కాని మూడుసార్లు మడిచింది. "ఏమండీ, ఆ గేటు దగ్గర కూడా కనపడకపోతే నాకు అన్న లేనట్టే" అంది.

చిప్పులాయన చాలాసేపు తల గోక్కున్నాడు. వెయ్యిన్నీ ఇరవై నాలుగో ఎక్కం ఇచ్చెయ్యమన్నా ఇచ్చేసేవాడు. ఇది అంతకన్నా పెద్దది. ఒక నవ్వు పట్టుకుని మనిషిని వెతుక్కున్నవాడు లోకంలో తానొక్కడే అని ఆయన గట్టి నమ్మకం.

"సరేలే. ఇంటర్వెల్లో లేచి నిలబడి, నలుగురూ వినేట్టు చెప్తాను. నవ్వు మా ఆవిడది కాదని" అన్నాడు. అనేటప్పుడు పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టాడు.

ఆదివారం హాలు కిటకిటలాడిపోయింది. ఎవరొచ్చారనుకున్నారు? అందరూ చిప్పులాయన పాత ఖాతాదారులే. అప్పుడు ఫోన్లో చూసిన కుర్రాళ్లు ఇప్పుడు బొజ్జలతో, పిల్లలతో వచ్చారు. ఇరవై ఏళ్లు రెండంగుళాల్లో చూసిన బొమ్మ గోడంత విచ్చుకునేసరికి హాలంతా 'ఆ' అని నోరు తెరిచింది.

"ఒరేయ్, హీరో చొక్కా పసుపురా!"

"నర్సు వెనక గోడ మీద బల్లి కూడా ఉంది చూడు!"

మాటలన్నీ హాలుకి హాలే హీరోకన్నా ముందు చెప్పేస్తోంది. పదో నిమిషం వచ్చింది. దొంగ ప్రింటులో తలకాయ లేచిన చోటు అది. ఇక్కడ తలా లేదు, తోకా లేదు. అయినా మూడొందల గొంతులు ఒక్కసారే "కూర్చోరా!" అని అరిచాయి. అలవాటు! చిప్పులాయనకి కళ్లనీళ్లు వచ్చేంత నవ్వొచ్చింది. ఇదంతా నేను పెంచిన పంట అనుకున్నాడు. అటుపక్క ద్వారం దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డ బావని చూసేసరికి, ఇంటర్వెల్లో చెప్పాల్సిన మాట గుర్తొచ్చి కుర్చీలో కిందికి జారాడు.

తెర మీద స్టెతస్కోపు సీనొచ్చింది. "ఈ పేషెంటు పోయాడు." హాలు గొల్లుమంది. పక్కన భార్య మాత్రం పెదవి కొరుక్కుని రాయిలా కూర్చుంది.

"పార్ట్ ఫోర్ అయిపోయిందిరోయ్! లారీ వస్తుంది, కాసుకోండి!" అని వెనకనుంచి ఎవరో కేక పెట్టారు.

హాలంతా నిశ్శబ్దం. ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఎవరూ చూడని పావుగంట మొదలైంది. రోడ్డు రాలేదు. ఆపరేషను గది వచ్చింది. బల్ల మీద నిండా దుప్పటి కప్పుకుని ఎవరో పడుకున్నారు. దొంగ డాక్టరు కత్తి అందుకుని, ఒక్కో అడుగూ వేస్తున్నాడు. నవ్వడానికి అక్కడ ఏమీ లేదు. మూడొందల మందీ ఊపిరి బిగబట్టారు.

చిప్పులాయన భుజానికి ఆనుకున్న భుజం వణికింది.

'కి, కి, కి.'

ఆయన తల తిప్పాడు. భార్య కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

'హుక్కు.'

దుప్పటి ఇంకా తియ్యలేదు. దొంగ డాక్టరు చెయ్యి ఇంకా దారిలోనే ఉంది. బిందెలో గవ్వలు భళ్లున ఒలికాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె ఒక్కతే నవ్వుతోంది. హాలు హాలంతా వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు దుప్పటి తొలగింది. లోపల గురకపెట్టి నిద్రపోతున్నది ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరే! కళ్లు తెరిచి, కత్తి చూసి, పక్కనున్న ట్రే తీసి హీరో నెత్తిన ఒక్కటి వేశాడు. హాలు కప్పు ఎగిరిపోయింది.

"చిప్పులాయనా, లారీ ఏదీ?"

"బ్రేకులు పోయి ఎక్కడో ఆగిపోయింటుందిలేరా!"

ఆ గోలలో ఒక టార్చి వెలుగు వరస వెంట పాక్కుంటూ వచ్చి ఆమె మొహం మీద ఆగింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. దుప్పటి కింద ఎవరున్నారో, అది తియ్యకముందే ఆ హాల్లో ఆపరేటరు కాక ఇంకొక్క మనిషికే తెలుసు. పార్ట్ ఫైవ్ ఫోన్లో ఎవరికీ లేదు. టార్చి పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఇంటర్వెల్ దీపాలు వెలిగాయి. ఇచ్చిన మాట ప్రకారం చిప్పులాయన లేచి, గొంతు సవరించుకున్నాడు. "బావా, పంతొమ్మిదేళ్ల కిందట నేనన్న మాట..."

భార్య చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "మీరు కూర్చోండి. అన్నయ్యా, ఆ రోజు కుట్టు క్లాసు లేదు."

ఆపరేటరు వాళ్ల వరసలోకి వచ్చి నిలబడ్డాడు. "ఎక్కడ కూర్చున్నావు?"

"అదిగో, ఆ స్తంభం పక్కన."

"అక్కడ నా టార్చి పడదే!"

"పడదని తెలిసే కూర్చున్నాను. ఒప్పుకుంటే నీ పేరు పోతుందని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు."

ఆపరేటరు స్తంభం వంక చూశాడు. మళ్లీ చెల్లెలి వంక చూశాడు. "అక్కడ నా టార్చి పడదని ఇంకెవరికి తెలుసు?"

"నా వెనక ఒకాయన ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు అన్నయ్యా. ముందుకీ కదల్లేదు, వెనక్కీ కదల్లేదు. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను."

మేనకోడలు ముందుగా నవ్వింది. తల్లి నవ్వే! 'కి, కి, కి.' ఆపరేటరు మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది. నాలుగు కెమెరాలు పట్టుకున్న మనిషికి, ఐదోది సొంత చెల్లెలి వెనకే ఉన్నా కనపడలేదు. చిప్పులాయనకి గెలిచిన సంబరం గొంతు దాకా వచ్చింది గాని, ఆ మొహం చూసి లోపలికి మింగేశాడు.

ఆపరేటరు, మేనకోడల్ని మధ్యవర్తిగా పెట్టుకోకుండా, నేరుగా అడిగాడు.

"బావా, ఆ ప్రింటులో బొమ్మ ఎలా ఉండేది?"

చిప్పులాయన ఏడో తరగతి బుర్ర ఇలాంటి చోటే పనిచేస్తుంది. "అద్దం బావా, అద్దం! కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. పదేళ్లలో వేల చిప్పులు నింపాను, అలాంటి ప్రింటు ఇంకోటి నా చేతికి రాలేదు. ఎవరిని అడిగినా చెప్తారు."

"నిజం అన్నా!" అన్నారు ముందు వరసలో బొజ్జలవాళ్లు. "లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో చూశారు దాన్ని!"

ఆపరేటరు మెడ కాస్త నిటారైంది. టార్చిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఫోకస్ ఎవరిదనుకున్నావు మరి?" అన్నాడు.

సినిమా వదిలాక నలుగురూ కలిసి నడిచారు. గేటు దగ్గర అలవాటు కొద్దీ ఆపరేటరు కాళ్లు ఆగిపోయాయి. చిప్పులాయన గేటు తోశాడు. అది కిర్రుమంది.

"లోపలికొచ్చేవాళ్లకి కిర్రుమనదన్నావు?" అన్నాడు ఆపరేటరు.

"పంతొమ్మిదేళ్లు అటునుంచే ఆనుకుని నిలబడితే కీలు పోదూ? రా బావా."

ఆయన గడప దాటి, నట్టింట్లో కుర్చీ లాక్కుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఇల్లంతా ఒకసారి కలయజూసి, "ఇంతకీ ఆ లారీ సంగతేమిటి? ఊరంతా విన్నారట, నేనొక్కణ్ణే వినలేదు" అన్నాడు.

"పెద్ద డాక్టరు కూతురు రోడ్డు దాటుతోంది బావా" అని మొదలెట్టాడు చిప్పులాయన, చొక్కా చేతులు పైకి మడుస్తూ. "ఇటునుంచి లారీ. మామూలు లారీ కాదు..."

వంటింట్లో 'కి, కి, కి' అని వినిపించింది. లారీ ఇంకా మలుపు కూడా తిరగలేదు.